చెన్నైలో ఏళ్ల తరబడి నిలిచే దుస్తుల బీరువా: మహిళలకు సమగ్ర మార్గదర్శి

ఎప్పటికీ పాతబడని దుస్తుల జాబితాలు చాలావరకు చలిదేశాల్లో తయారైనవి. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ఒకదానితో ఒకటి కలిపి వేసుకోగల ఏడు రకాల దుస్తులను ఉద్యోగినుల కోసం రూపొందించారు. ఆ తరువాత అదే పద్ధతిలో వచ్చిన అనేక జాబితాల్లో ట్రెంచ్ కోటు, కాశ్మీరు ఉన్ని స్వెట్టరు, పొడవాటి తోలు బూట్లు తప్పనిసరిగా కనిపిస్తూ వచ్చాయి. కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం పూట రంగనాథన్ వీధిలో నడిచే మనిషికి వాటిలో ఒక్కటీ పనికిరాదు. అయితే తక్కువ దుస్తులు ఉంచుకుని వాటినే ఎక్కువసార్లు, ఎక్కువ రకాలుగా వాడుకోవాలన్న మూల ఆలోచన మన ఊరికి కూడా చక్కగా వర్తిస్తుంది. జాబితాను మాత్రం మనం మొదటినుంచి రాసుకోవాలి.

చెన్నైలో దుస్తులు పనికిరాకుండా పోయేది ఫ్యాషన్ మారడం వల్ల కంటే చెమట వల్ల, సముద్రపు గాలిలోని తేమ వల్ల, బోరునీళ్ల ఉతుకు వల్ల ఎక్కువ. అందుచేత ఇక్కడ ఏ వస్త్రాన్ని ఎంచుకున్నా ముందు బట్టను, ఆ తరువాత కుట్టును, అన్నిటికంటే చివర డిజైనును చూడాలి. చాలామంది దుకాణంలో ఈ వరుసను తలకిందులు చేస్తారు. అద్దాల వెనుక బొమ్మకు తొడిగిన డిజైను చూసి లోపలికి వెళ్తారు, రంగు చూసి కొంటారు, అది పాలిస్టర్ అన్న సంగతి ఇంటికి వచ్చి వేసుకున్నాక గాని తెలుసుకోరు.

మొదటి పని: బీరువా మొత్తం ఖాళీ చేయడం

ఒక సెలవు రోజున బీరువాలో ఉన్నవన్నీ, సూట్‌కేసుల్లో, మంచం కింది పెట్టెల్లో దాచినవాటితో సహా, బయటికి తీయాలి. గత సంవత్సరంలో ఒక్కసారైనా కట్టుకున్నవి ఒక పక్క, కట్టుకోనివి మరో పక్క పెట్టాలి. కట్టుకోని వాటి దగ్గర ఆగి, ఎందుకు కట్టుకోలేదన్నది ఒక్కొక్కదానికి విడిగా చెప్పుకోవాలి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే మీరు ఇకమీదట ఏమి కొనకూడదో తేలిపోతుంది.

తెలుగు ఇళ్లలో ఈ రెండో కుప్పలో సగభాగం పెట్టుబడి చీరలదే అవుతుంది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, సీమంతాల్లో బొట్టుపెట్టి ఇచ్చినవి. మన ఎంపికకు, మన రంగుకు సంబంధం లేనివి. పెట్టినవారి మీది గౌరవం కొద్దీ వాటిని దశాబ్దాల తరబడి దాచవలసిన అవసరం లేదు. మంచి నూలు, మంచి పట్టు ఉన్నవాటిని ఏరి చుడీదారుకో, చున్నీకో కత్తిరించుకోవచ్చు. తక్కిన వాటిని మడత నలగక ముందే, వాడుకునేవారికి ఇచ్చేయడం మేలు. పట్టుబట్టలు బీరువాలో ఊరికే పడి ఉన్నా మడతల దగ్గర చిట్లిపోతాయి.

చీర బాగుంది, రంగు నచ్చింది, అయినా కట్టుకోలేదంటే కారణం నూటికి తొంభై పాళ్లు జాకెట్టే. చీరకు కొలత లేదు. ఇరవై ఏళ్ల వయసులో కట్టిన చీరను యాభై ఏళ్లకు కూడా కట్టుకోవచ్చు. జాకెట్టు మాత్రం ఒళ్లు కాస్త మారగానే బిగుసుకుపోతుంది. అందువల్ల కొత్త చీర కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఉన్న చీరల్లో జాకెట్టు లేక మూలపడినవి ఎన్ని ఉన్నాయో ముందు లెక్కించండి. వాటికి జాకెట్లు కుట్టించుకుంటే ఒక చీర ఖరీదులో నాలుగైదు చీరలు తిరిగి వాడుకలోకి వస్తాయి. ఫాల్ ఊడినవి, హుక్కులు పోయినవి, పీకో చేయించకుండా అలాగే ఉంచేసినవి ఒక సంచిలో వేసి ఆ వారమే దర్జీకి ఇచ్చేయాలి.

రెండో పని: మీ వారాన్ని కాగితం మీద పెట్టడం

రెండు వారాల పాటు రోజూ ఎక్కడికి వెళ్లారో, ఎలా వెళ్లారో, ఏమి వేసుకున్నారో రాసుకోండి. ఓఎంఆర్‌లోని ఐటీ కార్యాలయానికి కంపెనీ బస్సులో వెళ్లే అమ్మాయికి, పెరంబూరు నుంచి లోకల్ రైల్లో పాఠశాలకు వెళ్లే ఉపాధ్యాయినికి, సాలిగ్రామంలో ఇంటి నుంచే పనిచేసే గృహిణికి ఒకే జాబితా సరిపడదు. బయట చెమట కారే ఎండ, లోపల వణికించే ఏసీ ఉన్న ఉద్యోగమైతే పైన వేసుకుని తీయగలిగే పల్చటి పొర ఒకటి తప్పనిసరి. స్కూటరు నడిపేవారికి జారే బట్ట, నేలను తాకే అంచు, వేలాడే కొంగు ప్రమాదకరం కూడా. వారంలో ఐదు రోజులు కుర్తీలు వేసుకునే మనిషి బీరువాలో మూడొంతులు పట్టుచీరలే ఉంటే తప్పు అభిరుచిది కాదు, కొనుగోలుకు వాడకంతో పొంతన లేకపోవడం.

మూడో పని: బట్టను గుర్తుపట్టడం నేర్చుకోవడం

ఈ మార్గదర్శిలో దీనికి ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం ఉంది. బట్ట తెలిసినవారు డిజైను విషయంలో తప్పటడుగు వేసినా ఆ వస్త్రం కొన్నేళ్లు పనికివస్తుంది; బట్ట తెలియనివారికి ఎంత మంచి డిజైను దొరికినా ఒక వేసవితో సరి.

చెన్నైకి మొదటి బట్ట నూలు. నూలు దారం ఎంత సన్ననిదో చెప్పడానికి కౌంట్ అనే లెక్క ఉంది. ఒక పౌను బరువున్న నూలులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వస్తే అన్ని కౌంట్లు అన్నమాట. కౌంట్ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మంగళగిరి నేతలో సాధారణంగా 80 కౌంట్ నూలు వాడతారు. బట్ట కాస్త దిటవుగా, కుచ్చిళ్లు నిలబడేలా ఉంటుంది. వెంకటగిరిలో 100 కౌంట్ నూలు వాడతారు. చీర మెత్తగా, తేలికగా, ఒంటికి చల్లగా ఉంటుంది. నడుము దగ్గర కుచ్చిళ్లు నిటారుగా ఉండాలనుకునేవారు మొదటిదాన్ని, ఉక్కపోతను అస్సలు భరించలేనివారు రెండోదాన్ని ఎంచుకోవాలి. రోజూ ఉతికి వాడే చీర కావాలంటే మరీ సన్నని నూలుకు పోకపోవడమే మంచిది.

లినెన్ నూలు కంటే త్వరగా ఆరుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది, కాని గంటలో నలిగిపోతుంది. ఆ నలుగుడును సహించగలిగితేనే కొనాలి. రేయాన్, విస్కోస్ మెత్తగా జారుతూ దుకాణంలో ఎంతో బాగుంటాయి. చెట్ల గుజ్జు నుంచి తీసిన ఈ దారం తడిసినప్పుడు బలహీనపడుతుంది, కుదించుకుపోతుంది, మోకాళ్ల దగ్గర, చంకల దగ్గర త్వరగా పిగులుతుంది. పాలిస్టర్ చిరగదు, నలగదు, రంగు పోదు, కాని చెమటను పీల్చుకోదు. ఒకసారి పట్టిన చెమట వాసన దాన్ని వదిలిపోదు. ఏసీ కార్యాలయంలో వేసుకునే ప్యాంటులో కొద్ది శాతం పాలిస్టర్ కలిసినా ఫరవాలేదు. శరీరానికి అతుక్కుని ఉండే జాకెట్టులో, లోపలి లంగాలో, చొక్కాలో మాత్రం ఉండకూడదు.

అనుమానం ఉంటే బట్ట అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి వెలిగించి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. రేయాన్ కూడా నూలులాగే కాలుతుంది కాబట్టి ఆ రెండింటినీ మంటతో వేరు చేయలేము. పోగును తడిపి లాగితే రేయాన్ ఇట్టే తెగుతుంది. రంగు నిలుస్తుందా లేదా అన్నది తెలుసుకోవడానికి తడిపిన తెల్ల చేతిరుమాలుతో లోపలి మూలను రుద్దితే చాలు. కొత్త చీరను ఉప్పునీటిలో నానబెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. దానివల్ల ఇవాళ్టి రంగులకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. రంగు నిలవడమన్నది అద్దకం తొట్టి దగ్గరే తేలిపోతుంది. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో వేయడమే అసలైన జాగ్రత్త.

రంగు దిగడాన్నే గొప్పగా చెప్పుకుని అమ్మిన బట్ట కూడా ఈ తీరంలో పుట్టింది. మద్రాసు గళ్ల బట్ట ఉతికిన ప్రతిసారీ రంగులు ఒకదానిలోకి ఒకటి ఇంకి కొత్తగా కనిపిస్తుందని 1950ల చివర, 1960ల్లో అమెరికా దుకాణాలు ప్రచారం చేశాయి. ఇప్పుడు దొరికే గళ్ల బట్టలో ఆ గుణం అరుదు, మన అవసరానికి అది అక్కర్లేదు కూడా. కాని ముదురు నీలం, ఎరుపు గళ్ల మద్రాసు నూలుతో కుట్టించిన చొక్కా గాని, పొడవు లంగా గాని ఏ దశాబ్దంలోనూ ఎబ్బెట్టుగా కనిపించలేదు.

నాలుగో పని: రంగులను కుదించుకోవడం

అన్నిటితో కలిసే రంగులు రెండో మూడో ఎంచుకోండి. నలుపు, ముదురు నీలం, గోధుమ రంగు, బూడిద రంగు, గంధం రంగు ఇందుకు పనికివస్తాయి. ప్యాంట్లు, లెగ్గింగులు, చెప్పులు, చేతిసంచి ఈ రంగుల్లోనే ఉండాలి. వాటి మీదికి మీ ఒంటికి నప్పే ముదురు రంగులు మూడు నాలుగు చేర్చుకోవాలి. ఆవపువ్వు పసుపు, వంగపండు, నెమలికంఠం, కుంకుమ ఎరుపు వంటివి మన చర్మపు రంగుల మీద బాగా నిలుస్తాయని నా అభిప్రాయం. పేస్టెల్ రంగుల మోజు వచ్చిపోతూ ఉంటుంది. పైగా లేత రంగుల మీద చెమట తడి, ముఖ్యంగా లేత బూడిద రంగు మీద, దూరానికి కూడా తెలుస్తుంది. తెలుపు, ముదురు నీలం, అచ్చులు ఉన్న బట్ట ఆ తడిని దాచుతాయి.

ఐదో పని: ఏమేమి ఉండాలో నిర్ణయించడం

చీరలతో మొదలుపెడదాం. వారానికి రెండు మూడు రోజులు చీర కట్టే మనిషికి ఆరేడు నూలు చీరలు, మూడు పట్టుచీరలు, రెండింటికీ నడిమి రకం రెండు చాలు. నూలు చీరల్లో ఒంటి నిండా ఒకే రంగు, సన్నని నిజాం అంచు ఉన్న మంగళగిరి ఒకటైనా ఉండాలి. దాని ఒంటి మీద నేతపువ్వులు ఉండవు కాబట్టి నగలు, జాకెట్టు మారిస్తే కార్యాలయానికీ, సాయంకాలపు కచేరీకీ అదే సరిపోతుంది. శ్రీకాళహస్తి, పెడన కలంకారీల్లో ఒకటి, మదురై చుంగుడి ఒకటి, పోచంపల్లి ఇక్కత్ ఒకటి చేర్చుకోవచ్చు. ఈ రకాల డిజైన్లు ఏ ఒక్క సంవత్సరపు ఫ్యాషనుకూ చెందినవి కావు. పొందూరు ఖద్దరు చేతితో వడికిన నూలు. పత్తిని శుభ్రం చేయడానికి అక్కడ వాలుగ చేప దవడ ఎముకను వాడే పద్ధతి ఉంది. వీలైతే అది కూడా ఒకటి ఉంచుకోండి, అయితే చౌక ధరకు పొందూరు ఖద్దరని ఎవరైనా చెబితే నమ్మకండి.

పట్టుచీరల విషయంలో కాంచీపురం చెన్నైకి గంటన్నర, రెండు గంటల దూరంలోనే ఉండటం మనకు వరమూ, శాపమూ. ప్రతి పెళ్లికీ ఒకటి కొంటూ పోతే బీరువా నిండుతుంది, ఏదీ నాలుగుసార్లకు మించి కట్టరు. మూడే కొనాలనుకుంటే ఒంటిరంగు ఒకటి, అంచు రంగు మరొకటిగా కోర్వై పద్ధతిలో నేసినది ఒకటి, జరీ తక్కువగా ఉన్న తేలికపాటిది ఒకటి, అంచు చిన్నదిగా ఉన్నది ఒకటి ఎంచుకోండి. అరచేతికి మించిన వెడల్పు అంచు, ఒంటినిండా జరీ ఉన్న చీర పెళ్లికూతురికి బాగుంటుంది. పెళ్లికి వెళ్లేవారికి బరువు. నడిమి రకానికి గద్వాల చీరకు సాటి లేదు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆగస్టు ఉక్కపోతలో వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర భరించలేనివారికి ఇంతకంటే తగినది దొరకదు.

ఇక జాకెట్లు. ప్రతి చీరకూ దానితో వచ్చిన ముక్కతోనే జాకెట్టు కుట్టించడమన్న అలవాటును కొంత సడలించాలి. నలుపు, గంధం రంగు లేదా మాసిన బంగారు రంగు, కుంకుమ ఎరుపు, నెమలికంఠం నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఐదు సాదా జాకెట్లు చక్కగా కుదిరేలా ఉంటే డజనుకు పైగా చీరలు నడుస్తాయి. బట్ట టూ బై టూ రూబియా గాని, మంగళగిరి, ఇక్కత్ నూలు గాని కావచ్చు. ఏ జాకెట్టునైనా చూసి అది ఏ కాలానిదో చెప్పగలిగేది చేతుల వల్ల, మెడ కోత వల్ల. బుట్టచేతులు, గంట చేతులు, వీపు మీద పెద్ద కిటికీలు, వేలాడే గుత్తులు త్వరగా పాతబడతాయి. మోచేతికి కాస్త పైన ఆగే చేతులు, గుండ్రటి లేదా లోతు తక్కువ చదరపు మెడ ఎప్పుడూ నిలుస్తాయి. మగ్గం పని చేయించిన జాకెట్టు ఒకటి రెండింటికి మించి వద్దనే చెబుతాను. అది ఒక్క చీరకే కట్టుబడిపోతుంది, ఉతకడానికి వీలుండదు, ఒళ్లు మారితే విప్పి సరిచేయడానికీ వీలుండదు.

కుర్తీల్లో మోకాలి కింది వరకూ వచ్చే నిటారు కోత, పక్క చీలికలు ఉన్నది అందరికీ, అన్ని వయసులకూ నప్పుతుంది. అనార్కలి ఘేరు, ముందు పొట్టి వెనుక పొడవు అంచులు వంటివి రెండు మూడేళ్లలో కాలం చెల్లిపోతాయి. ఐదారు నూలు కుర్తీలు, వాటి కిందికి ఒక తెల్ల చుడీదారు, ఒక నల్ల నిటారు ప్యాంటు, ఒక గంధం రంగు పలాజో, మీదికి రెండు చున్నీలు ఉంటే పదిహేను రోజులు తడుముకోకుండా గడుస్తాయి. రెడీమేడ్ మూడు ముక్కల సెట్లు కొనేటప్పుడు ఆ మూడింటినీ విడివిడిగా వేరేవాటితో వేసుకోగలమా అన్నది చూసుకోండి. లేకపోతే మూడు వస్త్రాల ధరకు ఒక్కటే కొన్నట్టు.

పాశ్చాత్య దుస్తుల్లో చెన్నైకి నిజంగా అవసరమైనవి కొన్నే. తెల్ల నూలు చొక్కా ఒకటి, అందులోంచి చేయి కనబడనంత దళసరి బట్ట. ముదురు నీలం జీన్స్ ఒకటి. లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873 మే 20న రాగి రివెట్ల ప్యాంటుకు పేటెంటు పొందారు; అది గని కార్మికులకూ, కూలీలకూ పనికివచ్చే మోటు బట్ట ప్యాంటు. ఆ దళసరి డెనిమ్ మన ఎండకు శిక్ష. బరువు చదరపు గజానికి 8 నుంచి 10 ఔన్సుల మధ్య ఉన్న పల్చటి డెనిమ్‌లో, నడుము మరీ పైకీ కిందికీ కాకుండా, కాళ్లు నిటారుగా ఉన్నది ఎంచుకుంటే ఫ్యాషన్ ఎటు తిరిగినా దానికి బెంగ లేదు. నల్ల ప్యాంటు ఒకటి, ఏసీ గదులకు లైనింగు లేని పల్చటి నీలం బ్లేజరు ఒకటి. 1926లో ఫ్రెంచ్ డిజైనర్ షనెల్ నల్ల గౌను బొమ్మ వోగ్ పత్రికలో వచ్చినప్పటి నుంచి అది ప్రతి జాబితాకూ ఎక్కింది. గౌన్లు వేసుకునే అలవాటు ఉన్నవారికి మంచిదే, లేనివారికి దాని స్థానంలో సన్న అంచు నల్ల చీర ఉండనే ఉంది.

చెప్పుల సంగతి క్లుప్తంగా: గోధుమరంగు తోలు కొల్హాపురి, నల్ల ఫ్లాట్లు, వానకాలానికి రబ్బరు చెప్పులు. తోలువి వరుసగా రెండు రోజులు వేసుకోకుండా మారుస్తూ ఉండాలి.

లోపలి దుస్తులను జాబితాలో చివర రాయడం ఆనవాయితీ, కాని డబ్బు మొదట పెట్టవలసింది వాటి మీదే. సరైన కొలత బ్రా లేకుండా తీయించుకున్న జాకెట్టు కొలతలు ఎందుకూ పనికిరావు. లోపలి లంగా నూలు పాప్లిన్‌లో, చీరలకు తగిన నాలుగైదు రంగుల్లో ఉండాలి. జారే శాటిన్ లంగా మీద నూలు చీర కుచ్చిళ్లు నిలబడవు.

ఆరో పని: దర్జీతో పని చేయించుకోవడం

నూలు బట్టను కుట్టుకు ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరవేసి ఇవ్వాలి. లైనింగు బట్టనూ అలాగే తడపాలి. పైది కుదించుకుని లోపలిది కుదించుకోకపోయినా, అటుదిటు అయినా, మొదటి ఉతుకుతోనే జాకెట్టు ముడతలు పడుతుంది. పాత జాకెట్టును కొలతకు ఆదిగా ఇవ్వడం సులువే గాని, ఏడాదికొకసారైనా ఒంటి మీద కొత్తగా కొలతలు తీయించుకోవాలి.

తొడిగి చూసేటప్పుడు భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగిందా, చంక కింద ముడతలు పడకుండా చేయి పైకి లేస్తుందా, కూర్చున్నప్పుడు ముందు హుక్కుల మధ్య సందు వస్తోందా అన్నవి చూడండి. భుజం కుదరకపోతే దాన్ని సరిచేయడం దాదాపు కొత్తగా కుట్టడంతో సమానం. రెడీమేడ్ కొనేటప్పుడు కూడా నడుము, పొడవు తగ్గించుకోవచ్చు కాబట్టి భుజం కుదిరిన సైజునే తీసుకోవాలి. పక్క కుట్ల లోపల రెండు వైపులా అంగుళం చొప్పున బట్ట వదలమని దర్జీకి స్పష్టంగా చెప్పండి. ఆ అంగుళమే జాకెట్టుకు ఇంకో ఐదేళ్ల ఆయుష్షు. చంకల్లో విడిగా నూలు ప్యాడ్లు వేయించుకుంటే చెమట పైబట్ట దాకా రాదు, అవి పాడైతే మార్చుకోవచ్చు. పండగలకు ముందు నెలలో కొత్త దర్జీని పరీక్షించకండి. ఆ రోజుల్లో మంచి పనివారు కూడా హడావుడిగా కుడతారు.

ఏడో పని: ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు

ఈ ఊరి పుట్టుకలోనే బట్టల వ్యాపారం ఉంది. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడి నుంచి ఈస్టిండియా కంపెనీ ఈ తీరాన్ని పొందడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడ నూలు బట్ట చౌకగా దొరకడం. 1734లో చింతాద్రిపేటను నేతగాళ్ల కోసమే కట్టారు. టీ నగర్ అని మనం పిలిచే త్యాగరాయనగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ శెట్టి కూడా చేనేత కుటుంబం నుంచి వచ్చిన తెలుగువారే. కాబట్టి మంచి బట్ట కోసం ఈ ఊళ్లో ఆన్‌లైను ఫోటోల మీద ఆధారపడనక్కర్లేదు, ముట్టుకుని చూసి కొనే అవకాశం ప్రతి పేటలోనూ ఉంది. పట్టుకు పానగల్ పార్కు చుట్టుపక్కల, టోకు బట్టకు జార్జిటౌనులోని గోడౌన్ వీధి, తమిళనాడు చేనేతకు 1935లో ఏర్పడిన కో-ఆప్టెక్స్ సహకార సంఘపు షోరూములు. తానుల నుంచి మీటర్ల లెక్కన కొని కుట్టించుకుంటే అదే ధరకు రెడీమేడ్ కంటే మేలైన బట్ట వస్తుంది.

తమిళుల ఆడి మాసంలో, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, నగరమంతా తళ్లుబడి (తగ్గింపు ధర) అమ్మకాలు సాగుతాయి. మన ఆషాఢం అమ్మకాలూ ఇంచుమించు ఆ రోజుల్లోనే. లోపలి లంగాలు, లైనింగు బట్ట, దుప్పట్లు, సాదా ప్యాంట్లు అప్పుడు కొనుక్కోవడం లాభమే. పట్టుచీర మాత్రం ఆ రద్దీలో కొనవద్దు. దాన్ని వారం మధ్యలో, పగటి వెలుతురులో, విప్పి చూసి కొనాలి. పట్టుకు సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో అడగండి. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉంది. ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండును 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినోత్సవం నాడు, మన మద్రాసు విశ్వవిద్యాలయపు శతాబ్ది మందిరంలోనే ప్రారంభించారు. సిల్క్ మార్క్ పట్టు గురించే చెబుతుంది, జరీ గురించి కాదు. జరీ అసలుదా, రాగి మీద పూత వేసినదా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. చేనేతలో పోగుల చిన్న చిన్న హెచ్చుతగ్గులు సహజం, వాటిని లోపాలుగా ఎంచరాదు.

ధరను వాడకంతో భాగించి చూడటం మంచి అలవాటు. రూ. 2,400 పెట్టిన నూలు చీరను అరవైసార్లు కడితే ఒక్కోసారికి రూ. 40 పడుతుంది, రూ. 900కు వచ్చిందని కొన్న మెరుపుల చీరను మూడుసార్లు కట్టి వదిలేస్తే రూ. 300 పడుతుంది. ఇదే లెక్క రూ. 20,000 పట్టుచీరకు వేస్తే చాలామందికి గుండె గుభేలుమంటుంది, అయితే దాన్ని కూతురు కూడా కడుతుందన్న సంగతిని లెక్కలో కలపాలి. అన్నీ ఒకేసారి కొనవద్దు. మొదటి మూడు నెలలు లోపలి దుస్తులు, జాకెట్లు, మరమ్మతులు. తరువాత ప్యాంట్లు, కుర్తీలు. చీరలు ఏడాది పొడవునా ఒక్కొక్కటిగా. ఒకటి కొనే ముందు అది బీరువాలో ఇప్పటికే ఉన్న మూడింటితో కలుస్తుందో లేదో చెప్పుకోగలగాలి.

ఎనిమిదో పని: తేమ నుంచి కాపాడుకోవడం

చెమట ఇంకిన బట్టను తడి ఆరకుండా బుట్టలో కుక్కితే రెండు రోజుల్లో నల్లటి బూజు చుక్కలు పడతాయి, అవి పూర్తిగా పోవు. ఇంటికి రాగానే విప్పిన బట్టను హ్యాంగరుకు వేసి ఫ్యాను కింద ఆరనివ్వాలి. తెల్లబట్టల చంకల్లో పసుపు మరకలకు కారణం చెమట ఒక్కటే కాదు, చెమటను ఆపే డియోడరెంట్లలోని అల్యూమినియం లవణాలు కూడా. వాటికి బ్లీచింగు వేస్తే మరక ముదురుతుంది. డియోడరెంటు పూర్తిగా ఆరాక తొడుక్కోవడం, విప్పిన రోజే చంకలను సబ్బుతో రుద్దడం సరైన పద్ధతి. ఉప్పగా, గట్టిగా ఉండే బోరునీళ్లలో సబ్బు పొడి ఎక్కువ వేస్తే తెల్లబట్ట బూడిద రంగుకు తిరుగుతుంది. పొడి తగ్గించి, జాడింపులు పెంచాలి. రంగుబట్టలను తిరగేసి నీడన ఆరవేయాలి.

నూలు చీరకు గంజి పెట్టడం చెన్నై ఎండలో అందానికీ, హాయికీ రెండింటికీ మంచిది, ఒంటికి అంటుకోదు. కాని గంజితో బీరువాలో నెలల తరబడి ఉంచరాదు. గంజి వెండిపురుగులకు ఆహారం. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు గంజి బట్టలన్నీ ఉతికి, గంజి లేకుండా ఇస్త్రీ చేసి, వేడి చల్లారాకే లోపల పెట్టాలి. ఇస్త్రీ ఆవిరి తడితో సర్దేయడం వల్లే సగం బీరువాలు ముక్కవాసన వేస్తాయి.

పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లలో ఉంచవద్దు, గాలి ఆడక జరీ నల్లబడుతుంది. అత్తరు, సెంటు జరీ మీద పడనివ్వకూడదు. కలరా ఉండలు వేయవలసి వస్తే గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టాలి, చీరకు తగలరాదు. జరీ లోపలి వైపు ఉండేలా మడిచి, మూడు నెలలకొకసారి మడతలు మార్చాలి. చీరల్ని చుట్టడానికి కొత్త సంచులు కొననక్కర్లేదు; పలుమార్లు ఉతికి మెత్తబడిన పాత తెల్ల నూలు పంచెను నాలుగు ముక్కలు చేస్తే, ఒక్కోదానిలో రెండేసి చీరల చొప్పున సరిపోతాయి.